ఓడెక్కిన చెంబెడు బోరు నీళ్లు

కోవిడ్ తగ్గి విహార నౌకలు మళ్లీ తిరగడం మొదలైన తర్వాత రెండో డిసెంబరులో నన్ను చెన్నై నుంచి నడిచే ఒక ఓడకు డిప్యూటీ సెక్యూరిటీ ఆఫీసరుగా వేశారు. సైన్యం నుంచి బయటికి వచ్చాక ఓడల మీదే పనిచేశాను. అది నా ఆఖరి కాంట్రాక్టు. భుజం మీద రెండు చారల హోదా. నా పైన సెక్యూరిటీ ఆఫీసరు, ఆయన పైన స్టాఫ్ కెప్టెన్. ఓడలో కెప్టెన్ తర్వాతివాడు స్టాఫ్ కెప్టెనే. క్రమశిక్షణ, భద్రత, డెక్కు పనులు అన్నీ ఆయన కిందే ఉంటాయి.

ఎక్కే ప్రయాణికుల సామాను తనిఖీ నా బాధ్యత. ఏది తేవచ్చు, ఏది తేకూడదు అని నన్ను ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. కారణాలు తెలిస్తే జాబితా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఓడలో అన్నిటికంటే పెద్ద భయం నిప్పు. నడిసముద్రంలోకి ఫైరింజను రాదు. అందుకే ఇస్త్రీ పెట్టె, కరెంటు కెటిల్, రైస్ కుక్కర్, కొవ్వొత్తులు, అగరుబత్తీలు గదుల్లోకి పోవు. తర్వాతి భయం కడుపు. ఒకరికి వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ అంతస్తంతా పడకేస్తుంది. అందుకని ఇంట్లో వండిన తిండిని రానివ్వము. ఫ్యాక్టరీలో సీలు వేసిన బిస్కెట్ల వంటివి తెచ్చుకోవచ్చు. ఇక మద్యం. నీళ్ల సీసాల్లో వోడ్కా నింపి తెచ్చేవాళ్లు ప్రతి ట్రిప్పులోనూ ఉంటారు కాబట్టి, మందులూ పసిపిల్లల పాలూ తప్ప బయటి ద్రవం ఏదీ లోపలికి రాకూడదు. ఆపిన వస్తువుకు గది నంబరుతో చీటీ కట్టి, స్టోరులో తాళం వేసి, దిగే రోజు తిరిగి ఇస్తాము.

ఆ ట్రిప్పులో మా జిల్లావాళ్లు ఉన్నారని ముందే తెలిసింది. ఒక పురుగుమందుల కంపెనీ బాగా అమ్మిన డీలర్లకు మూడు రాత్రుల ప్రయాణం బహుమతిగా ఇచ్చింది. చెన్నైలో ఎక్కి, బంగాళాఖాతంలో తిరిగి, చెన్నైలోనే దిగడం. ఒక్కో డీలరుకు ఇద్దరికి టికెట్టు. ఉరవకొండ, యాడికి వైపు నుంచి ముప్పైమంది దాకా వచ్చారు. వాళ్ల సంచులు ఎక్స్‌రే బెల్టు ఎక్కగానే తెర మీద మా ఊళ్ల వంటిళ్లన్నీ కనిపించాయి. మేము ఓళిగలనే బొబ్బట్లు, చెనిక్కాయల పొడి, చీరలో చుట్టిన రైస్ కుక్కర్. ఓళిగలు ఆపినందుకు ఒకాయన "మూడు దినాలు బ్రెడ్డు తిని బతకల్లనా సార్?" అని అడిగాడు. అన్నం, పప్పు, పెరుగు కూడా ఉంటాయని, టికెట్టులోనే భోజనమంతా కలిసి ఉంటుందని, ఎన్నిసార్లు తిన్నా ఎవరూ అడగరని చెప్పాను. అంతలోనే ముఖం విప్పారింది. "ముందే చెప్పొద్దా!" అని ఓళిగల డబ్బా తానే నా చేతికిచ్చాడు.

ఆ తర్వాత ఒక ఇత్తడి చెంబు వచ్చింది. మూతికి పసుపు గుడ్డ కట్టి, దాని మీద మైనం కరిగించి పోశారు. లోహపు పాత్ర కాబట్టి ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనిపించింది తప్ప లోపల ఏముందో తెలియలేదు. చెంబు తెచ్చినామెకు అరవై దాటి ఉంటాయి. పేరు ఓబులమ్మ.

"ఇందులో ఏముందమ్మా?" అని అడిగాను.

"నీళ్లప్పా."

"తాగే నీళ్లు లోపల ఇస్తారు."

"తాగను కాదు, పోయను."

"ఎక్కడ పోయడానికి?"

"ఇంగ్యాడ పోస్తారు? సముద్రంలో."

వెనక వరుసలో నవ్వులు మొదలయ్యాయి. ఒక డీలరు, "సముద్రానికి నీళ్లు తక్కువైనాయని మా ఓబులక్క ఉరవకొండ నుంచి ట్యాంకరు తోలుకొచ్చినాది సార్" అన్నాడు. ఆమె వెనక్కి తిరిగి, "నవ్వురా, నవ్వు. నీ బోరు ఎండినప్పుడు బిందె ఎత్తుకోని నా తోటకాడికే వస్తివి" అంది.

ఆమెతో వచ్చిన తమ్ముడు సూరి నన్ను పక్కకు పిలిచి విషయం చెప్పాడు. డీలరు అతనే. భార్యకు నీళ్లంటే భయం కాబట్టి రెండో టికెట్టు మీద అక్కను తీసుకొచ్చాడు. ఓబులమ్మకు ఉరవకొండ దగ్గర నాలుగెకరాల చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. వేసిన బోర్లన్నీ ఒట్టిపోయాయి. చెట్లు వాడిపోతున్న ఎండాకాలంలో చివరి ప్రయత్నంగా ఇంకొకటి వేస్తూ ఆమె మొక్కుకుంది. ఈసారి నీళ్లు పడితే తొలి చెంబు గంగమ్మ పుట్టింట్లో పోసి వస్తానని. పుట్టిల్లంటే సముద్రం. నీళ్లు పడ్డాయి. బోరు మిషను ఆపకముందే చెంబు పట్టి మూతి కట్టింది. మొక్కు తీరకపోతే గంగమ్మ వెనక్కి పోతుందని ఆమె నమ్మకం. ఆ బోరు పోతే తోట పోతుంది. తోట తప్ప ఆమెకు వేరే జీవనాధారం లేదు.

అంతా విని కూడా నేను చెంబును ఆపాను. ఆపక తప్పదు. బయటి నీళ్లున్న చెంబు ఆమెతో గదిలోకి పోదు. ఓడ నుంచి సముద్రంలోకి ప్రయాణికులు ఏదీ వేయకూడదన్నది అంతకంటే గట్టి నియమం. పువ్వు వేసినా, నాణెం వేసినా తప్పే. అలా చేసినవాళ్లను గదిలో ఉంచి, రేవు రాగానే దింపి, మళ్లీ ఎక్కనివ్వకుండా పేరు రాసుకుంటారు. ఇంకా టైముంది, టాక్సీలో బీచికి పోయి పోసి రమ్మని ఆమెకు సలహా ఇచ్చాను.

"గట్టున పోస్తే ఇసక తాగుతాది. మా నేల తాగింది చాల్దా? లోపలే పోయాల" అంది. చెంబు రాకపోతే తానూ రానని బెల్టు పక్కనే కూర్చుంది. అక్కను రేవులో వదిలి సూరి ఎక్కలేడు.

"చెంబు నా తాళం కింద ఇదే ఓడలో ఉంటుందక్కా. పైవాళ్లను అడుగుతాను" అన్నాను. ఒప్పిస్తానని మాత్రం అనలేదు. ఆ తేడా ఆమె కూడా గమనించినట్టుంది. కాసేపు నన్ను చూసి, "యా ఊరప్పా నీది?" అంది. కొత్తచెరువు అని చెప్పాను.

"మీ చెరువులో నీళ్లుండాయా?"

"ఈ ఏడు ఉన్నాయంటున్నారు."

"అట్లయితే నా బాధ నీకేం తెలుస్తాది" అని లేచి, చీటీ తీసుకుని ఎక్కింది.

ఓడ కదలకముందే ప్రయాణికులందరికీ భద్రతా డ్రిల్లు ఉంటుంది. అలారం మోగితే ఎక్కడికి చేరాలో, లైఫ్ జాకెట్ ఎలా కట్టుకోవాలో చూపిస్తారు. దానికి రాకపోతే కుదరదు. ఓబులమ్మ శ్రద్ధగా విని, చివర్లో నా దగ్గరికి వచ్చి, "నా చెంబు బాగుండాదా?" అని ఆసుపత్రిలో ఉన్న మనిషిని అడిగినట్టు అడిగింది. మర్నాడు పొద్దున, మధ్యాహ్నం కూడా అదే ప్రశ్న. ఈత కొలను చూసి, "మాకు తాగను లేవు, ఈడ దాంట్లో పొర్లాడతాండారు" అని తల తిప్పుకుంది. ఆ నీళ్లూ తాగే నీళ్లూ ఓడలోనే సముద్రపు నీటి నుంచి తయారవుతాయని చెప్పినప్పుడు మాత్రం ఆగి, "అట్లయితే మాకు బోర్లెందుకప్పా? ఆ మిషనే మా ఊరికి పంపించు" అంది.

ఆ మధ్యాహ్నమే సూరి వచ్చి ఒక ఉపాయం చెప్పాడు. చెంబును ఎవరూ లేని చోట ఏదో తొట్టిలో ఒంపేసి, సముద్రంలో పోసేశామని అక్కకు చెబుదామని. "ఆమెకేం తెలుస్తాది సార్?" అన్నాడు. చీటీ కట్టిన వస్తువు యజమాని సంతకం లేకుండా కదలదని చెప్పి పంపించాను. అది నిజమే. ఆ నిబంధన లేకపోయినా ఒప్పుకునేవాణ్ని కాదు. తర్వాత ఆమె బోరుకు ఏమైనా జరిగితే, నిజం తెలిసినవాళ్లం ఇద్దరం మిగులుతాము.

ఓడలో పర్యావరణ అధికారి అని ఒకరు ఉంటారు. ఓడ నుంచి సముద్రంలోకి ఏది, ఎక్కడ, ఎంత పోయిందో రాసి సంతకం పెట్టడం ఆయన పని. మా అధికారి క్రొయేషియా దేశస్థుడు, మాట తక్కువ మనిషి. చెంబు సంగతి విని ఆయన నవ్వలేదు. వాష్‌బేసిన్‌లో పోయమనండి, ఆ నీళ్లు ట్యాంకులో చేరి, తీరానికి దూరంగా పోయాక నియమం ప్రకారం సముద్రంలోకే వెళ్తాయి, కావాలంటే ఏ చోట కలిశాయో రాసిస్తాను అన్నాడు. అధికారిగా అది సరైన జవాబే. ఓబులమ్మకు చెప్పాను. "చేతులు కడిగిన నీళ్లతో, ఎంగిలి నీళ్లతో కలిపి పుట్టింటికి పంపుతారా ఆడబిడ్డను?" అంది.

ఆ సాయంత్రం నా గస్తీలో ముందు డెక్కు మీదికి పోయాను. డెక్కు పనివాళ్ల పెద్దను బోసన్ అంటారు, పాత ఓడల్లో సారంగు అనేవారు. మర్నాటి కడుగుడు కోసం ఆయన గొట్టాలు సర్దిస్తున్నాడు. డెక్కును మంచినీళ్లతోనే కడుగుతారు. ఆ నీళ్లు అంచు వెంబడి ఉన్న రంధ్రాల గుండా నేరుగా సముద్రంలోకి పోతాయి. ట్యాంకుతో సంబంధం లేదు. శుభ్రమైన నీళ్లు కాబట్టి నియమం ఒప్పుకుంటుంది. ఆ రంధ్రాలను ఇంగ్లీషులో స్కప్పర్లు అంటారు. మన చెరువు తూముల లాంటివే. అదే సంగతి పర్యావరణ అధికారికి చెప్పాను. పరీక్షలో శుభ్రమైన నీళ్లని తేలితే తనకు అభ్యంతరం లేదన్నాడు. నా పై అధికారి ద్వారా స్టాఫ్ కెప్టెన్‌ను అడిగితే, షరతులు పెట్టి ఒప్పుకున్నాడు. పొద్దున డెక్కు కడిగే సమయంలోనే జరగాలి. డెక్కు అంచున ఉన్న కమ్మీ మీదికి వంగకూడదు. నీళ్లు తప్ప మరొకటి పోకూడదు. ఫొటోలు తీయకూడదు.

ఓబులమ్మకు తూము అని చెప్పగానే అర్థమైంది. "కలిసేది మంచినీళ్లేనా?" అని రెండుసార్లు అడిగి ఒప్పుకుంది.

మర్నాడు పొద్దున బోసన్ ఒక తూము చుట్టూ రెండుసార్లు కడిగించి గొట్టం ఆపాడు. ఓబులమ్మ చెంబు మైనాన్ని తానే గోటితో గీరి తీసింది. పర్యావరణ అధికారి చిన్న గ్లాసులో కొంచెం తీసుకుని, నూనె, సబ్బు లేవని చూసి, లవణాలు కొలిచే మీటరు ముంచాడు. అంకె చూసి, ఈ నీళ్లను ఏం చేస్తారని నన్ను అడిగాడు. తాగుతారని చెప్పాను. మళ్లీ మీటరు చూశాడు. తర్వాత చెంబులోకి టార్చి వేసి చెయ్యి అడ్డం పెట్టాడు. అడుగున బూడిద రంగు పిండి పేరుకుని ఉంది. బోరు మిషను బండను తొలిచినప్పుడు వచ్చే రాతిపొడి. తొలి నీళ్లు కదా, దాంతోనే వచ్చింది. నీళ్లయితే సరే, ఘనపదార్థం వేయడానికి వీల్లేదన్నాడు.

అక్కడితో ఆగిపోతుందనుకున్నాను. సూరి తల పట్టుకున్నాడు. నేను సంగతి చెబితే ఓబులమ్మ మాత్రం, "పొడి ఎవరు పోస్తామన్నారు? నేల మాది, మాకే ఉండనీ. తేట వంచుతా" అంది. గంజి వార్చినంత తేలిగ్గా అన్నది. కొంగున కట్టుకొచ్చిన పసుపు, కుంకుమ కూడా కుదరదని చెప్పినప్పుడే కొంచెం తడబడింది. వాటిని మళ్లీ ముడివేసి, చెంబును కళ్లకద్దుకుని, డెక్కు మీద కూర్చుని సన్నటి ధారగా వంచింది.

ఓడ అప్పుడు అవతలి పక్కకు ఒరిగి ఉంది. నీళ్లు తూము వైపు రాకుండా చెక్క మీద పాకుతూ డెక్కు మధ్యకు పోసాగాయి. "పోతాండాదిరా సూరీ, వెనక్కి పోతాండాది" అని ఆమె చెంబు నిలిపేసింది. ఆమె భయపడినది అదే. నేను ఏమీ చేయలేదు. ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఓడ తన లెక్కలో తాను ఇటు ఒరిగింది. పోయిన నీళ్లు తిరిగి వచ్చి, ఆమె కాళ్ల పక్కగా జారి తూములోకి దిగాయి. మిగిలినది కూడా వంచేసి, పొడి ఉన్న చెంబుకు గుడ్డ కట్టింది. పర్యావరణ అధికారి తన రికార్డులో డెక్కు కడుగుడు అని రాశాడు.

లేచాక ఓబులమ్మ నాతో, "కాఫీ యాడిస్తారప్పా? రెండు దినాల నుంచి నోటికి రుచే లేదు" అంది. ఆ రోజు ఆమె ఆరుసార్లు భోజనశాలకు వెళ్లిందని సూరి తర్వాత చెప్పాడు.

రిటైరయ్యాక ఒకసారి పనిమీద ఉరవకొండ పోయి, సూరి దుకాణంలో ఆమెను చూశాను. బోరు రెండు ఎండాకాలాలు నీళ్లిచ్చి, ఆ తర్వాత ఒట్టిపోయింది. అప్పటికి చెట్లు కాపుకొచ్చాయి. ఇప్పుడు కొన్న నీళ్లతో సగం తోటను నిలబెడుతోంది. మొక్కులో ఏమైనా లోపం జరిగిందని అనుకుంటున్నారా అని అడిగాను.

"మొక్కుదేముండాది? చేరాల్సింది చేరింది, నా కళ్లతో చూసినా. పక్కోడు నాకంటే లోతు ఏసినాడు" అంది.

ఆ సంఘటన నుంచి ఉద్యోగపరంగా నేను నేర్చుకున్నది ఇది. నిషేధాల పట్టీ కాపలావాడికి ఎక్కడ ఆపాలో చెబుతుంది, అంతే. నీళ్లు ఎటు పోతాయో తెలియాలంటే డెక్కు కడిగేవాళ్లతో పరిచయం ఉండాలి. ఇక సూరి చెప్పిన ఉపాయానికి నేను ఒప్పుకుని ఉంటే, బోరు ఒట్టిపోయిన రోజున ఓబులమ్మ పక్కవాడి లోతును తప్పుపట్టేది, మేమిద్దరం మమ్మల్ని తప్పుపట్టుకునేవాళ్లం.