నాన్న జేబులోని నల్లపొడి

మొన్న మనవడు సైకిలు మీంచి పడి మోకాలు గీరుకుని వస్తే, అలవాటు కొద్దీ హైడ్రోజన్ పెరాక్సైడు పోశాను. తెల్లగా నురగ పొంగింది. వాడు ఏడుపు మానేసి అలా ఎందుకు పొంగిందని అడిగాడు. నాకు మాత్రం వైజాగు పోర్టులో మాంగనీసు ఖనిజం ఎత్తే మా నాన్న గుర్తొచ్చాడు.

డెబ్భైల చివర్లో నేను ఇంటర్‌లో కెమిస్ట్రీ తప్పాను. మళ్లీ తప్పితే కుట్టుపనిలో పెడతానని నాన్న తేల్చి చెప్పేశాడు. మన కాలంలో వల్లె వేయడమే కదా చదువంటే, నేనూ పొద్దుటా సాయంత్రమూ ఉత్ప్రేరకం నిర్వచనం వల్లె వేసేదాన్ని. చర్యావేగాన్ని పెంచును, తాను మాత్రం ఖర్చు కాదు. ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

ఒక సాయంత్రం నాన్న వేలు తెగి వచ్చాడు. ఇదే మందు పోస్తే నెత్తుటి మీద నురగొచ్చింది, సరే. కారిన చుక్కలు చొక్కాకి అంటిన నల్లటి ఖనిజం పొడి మీద పడి అక్కడ ఇంకా ఎక్కువ పొంగాయి. చొక్కాకి ఏం గాయమైందని నవ్వొచ్చింది, వెంటనే నెత్తుట్లోదీ పొడిలోదీ ఒకటేనా అని అనుమానమూ వచ్చింది. మరిగిస్తే తేడా ఏమైనా తెలుస్తుందేమోనని, వేలు తుడిచిన నెత్తుటి గుడ్డనీ, నాన్న జేబు దులిపితే రాలిన పొడినీ విడివిడిగా నీళ్లలో మరిగించి, చల్లారాక మళ్లీ మందు పోశాను. పొడి మునుపటిలాగే బుసబుసా పొంగింది. గుడ్డ మీద దాదాపు ఏమీ లేదు.

మర్నాడు కాలేజీలో కెమిస్ట్రీ మేడంకి చెబితే, ఆవిడ మొదటిసారి నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడారు. సీసాలోని మందు ఎలాగూ నెలల తరబడి మెల్లగా నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతూనే ఉంటుందట. ఖనిజమూ, నెత్తుటిలోని ఎంజైమూ ఆ పనిని తొందరపెడతాయంతే, ఉత్ప్రేరకమంటే అదే. ఎంజైము ఒంట్లో తయారైన ప్రోటీను కాబట్టి మరిగిస్తే ఆకారం చెడి పని మానేస్తుంది, ఖనిజానికి ఆ బాధ లేదు. ఆ పొడి ఇంకాస్త తెస్తే క్లాసులో నన్నే చూపించమన్నారు.

ఇంటికొచ్చి ఈ సంగతంతా చెప్పాను. నాన్న తలొంచుకుని అన్నం తిన్నాడు. మరునాడు డ్యూటీ దిగి వచ్చి, కాగితంలో పొట్లం కట్టిన నల్లపొడి నా చేతిలో పెట్టాడు.

"నీ సదువుకి పనికొత్తాదని తెచ్చినాను అమ్మీ. కుట్టుపని మాట మరెత్తను."

ఆ పరీక్ష పాసయ్యాను. తర్వాత ముప్పై ఏళ్లు పిల్లలకు అదే పాఠం చెప్పాను, ముందు నురగ చూపించి, నిర్వచనం ఆఖర్న.

మనవడికి జవాబు చెప్పకుండా, గిన్నెలో నీళ్లు పెట్టి, మోకాలు తుడిచిన గుడ్డ మరిగిద్దాం రమ్మన్నాను. కుంటుకుంటూనే సంబరంగా వచ్చాడు. సగం పాఠం అయింది. మిగతా సగానికి పొడి కావాలి కదా, మా ఇంట్లో ఇప్పుడు ఎవరి జేబు దులిపినా చిటికెడు రాలదు. అది రాలకూడదనే కదా నాన్న నన్ను చదివించాడు.