రేణుక వాళ్ళమ్మ ఫోన్

ఏడేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మోస్తున్నాను అనడం కూడా నా గొప్పే. నిజానికి దాని మీద పీట వేసుకుని కూర్చుని పెద్దమనిషినయ్యాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే దమ్ము లేదు.

మొన్న ఒక కాలేజీ వాళ్లు పిలిచారు. సొంతంగా ఆటలు తయారు చేసుకునేవాళ్లు గేమ్ ఇంజిన్‌ను ఎలా ఎంచుకోవాలో వచ్చి చెప్పమన్నారు. సంబరంగా కాగితం తీసి మొదటి మాట రాశాను: మీ ఆట ఆడబోయే మనిషి చేతిలో ఏ ఫోన్ ఉందో, ముందు దాని మీద నడిపి చూడండి. రాసింది చదువుకుని చించేశాను. ఎంత సిగ్గులేనితనం! ఈ మాట ఇంకెవరైనా చెప్పొచ్చు. నేనా చెప్పేది?

తెలుగు నేతవాళ్లు వలస వచ్చి స్థిరపడ్డ దాజీ పేట్‌లో, మా గల్లీలోనే ఉండేది రేణుక. తండ్రి జకార్డు మగ్గం మీద బొమ్మల చద్దర్లు నేసేవాడు, తల్లి బీడీలు చుట్టేది. తండ్రి డిజైన్లు గీసిన గళ్ల కాగితాలు చూసి రేణుకకు ఒక ఆట తోచింది. ఫోన్ మీద వేలితో పోగులు ఎత్తుతూ దించుతూ పోతే చద్దరు మీద నెమలి విచ్చుకుంటుంది. ఒక్క పోగు తప్పితే మెడ వంకర. అంతే ఆట, కానీ మొదలుపెడితే వదలబుద్ధి కాదు. చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా బీడీలు చుట్టే తన తల్లి కాసేపు ఆడుకోవాలని ఆమె కోరిక.

ఆటకు ఇంజిన్ అంటే నేతకు మగ్గం లాంటిది. బొమ్మ మనది, నడిపించేది అది. రేణుక ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఉచితంగా దొరికే ఒక చిన్న ఇంజిన్‌ను వీడియోలు చూసి పట్టుకుంది, పాత ల్యాప్‌టాప్‌లో రెండేళ్లు కూర్చుని సగానికి పైగా ఆట కట్టేసింది. నేనేమో పుణెలో ఒక పెద్ద కంపెనీ ఇంజిన్ మీద కోర్సు చేసి వచ్చినవాణ్ణి. గల్లీకంతా ఇంజినీరు సాబ్‌ని. మిగతాది ఇద్దరం కలిసి పూర్తి చేద్దామనుకున్నాం. ఏ ఇంజిన్‌లో? పేచీ అంతా అక్కడే. ఆమె ఇంజిన్‌లో అయితే ప్రతి చిన్నదానికీ నేను ఆమెను అడగాలి. నాకంటే చిన్నది, కోర్సు మొహం చూడనిది. అడుగుతానా నేను?

రేణుకే దారి చెప్పింది. తన తల్లి ఫోన్ నా చేతిలో పెట్టింది. పూర్తయ్యాకే అమ్మకు చూపాలని అప్పటిదాకా అందులో ఆట వేసి చూడలేదట. మూల పగిలిన పాత ఫోన్, తంబాకు వాసన. ఇందులో తన ఆట నడిస్తే తన ఇంజినే ఉంచుదాం, నడవకపోతే నాది. ఇంతకంటే న్యాయమైన పరీక్ష ఏముంటుంది?

మర్నాడు ఫోన్ తిరిగి ఇచ్చాను.

"ఏమైందన్నా?"

"నడుస్తలేదు. మాటమాటికి హ్యాంగ్ అయితున్నది."

"ఖరేనా?"

"నీకు అబద్ధమెందుకు చెప్త?"

ఆమె ఫోన్ పగిలిన మూలను వేలితో తడిమింది. "అమ్మ ఆడుతదనుకున్న. పోనీ తియ్, నీ ఇంజిన్లనే చేద్దాం."

ఫోన్‌లో ఆట లేదు. తిరిగి ఇచ్చే ముందే తీసేశాను. ఎందుకు తీసేశానని ఆమె అడగలేదు. అన్నను ఎవరు అనుమానిస్తారు?

నా ఇంజిన్‌కు ఆమె ల్యాప్‌టాప్‌లో చోటు చాలలేదు. పాతదంతా చెరిపేయమన్నాను. ఒక కాపీ అయినా వేరే చోట దాచమని చెప్పలేదు, దాచితే ఎప్పుడైనా బయటపడుతుందని భయం. వాళ్ల నాన్న గడపలో నిలబడి విన్నాడు. "పాత పడుగు మగ్గం మీద ఉండంగనే దాని కొసలకు కొత్తది అతుకుతరు బిడ్డా. ముందుగాలనే కోసి పారేస్తె, ఒక్కొక్క పోగు మళ్ల మొదటికెళ్లి ఎక్కియ్యాలె" అన్నాడు. నేను కూడా నేత ఇంట్లో పుట్టినవాణ్ణే. ఆ మాట చిన్నప్పటి నుంచి విన్నాను. "ఇది కంప్యూటర్ కాకా, మగ్గం కాదు" అని నవ్వాను. రేణుక చెరిపేసింది.

తర్వాత వాళ్లు ఊరి బయట కుంభారిలో కొత్త ఇంటికి మారారు. నా ఇంజిన్ ఆమె ల్యాప్‌టాప్‌లో ఈడ్చుకుంటూ నడిచేది, కాబట్టి నా కంప్యూటర్ కోసం ఆమె బస్సెక్కి రావాలి. రోజూ వచ్చింది. తర్వాత వారానికి రెండు రోజులు. ఇంతలో కంపెనీ, కొత్త వెర్షన్‌లో చేసిన ఆటలు పాత ఫోన్లలో నడవవని చల్లగా ప్రకటించింది. ఆట అక్కడే ఆగిపోయింది.

అప్పుడు చూడాలి నన్ను! కొంతం చౌక్‌లో చాయ్ తాగుతూ ఆ కంపెనీని తిట్టని తిట్టు లేదు. పేదవాడి ఫోన్ అంటే వీళ్లకు లెక్కలేదని, మనలాంటి చిన్నవాళ్ల నోట్లో మట్టి కొట్టారని ఊగిపోయాను. జనం తలలూపారు. ఆ కోపం అబద్ధం కాదు, ఇప్పటికీ ఆ కంపెనీ మీద ఒళ్లు మండుతుంది. కానీ పేదవాడి ఫోన్‌ను వాళ్లకంటే ముందు కాదన్నది ఎవరు? దొంగే దొంగ దొంగ అని అరవడమంటే ఇదే. అన్నిటికంటే దారుణం, రేణుక నన్ను ఓదార్చింది. నీ తప్పేముందన్నా అంది. ఆ ఓదార్పును కూడా మింగేశాను.

ఇప్పుడామె ఒక టవల్ కార్ఖానాలో కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరివో డిజైన్లు సరిచేస్తుంది. మళ్లీ ఆట జోలికి వెళ్లలేదు. ఆ తల్లి ఆ ఆటను ఒక్కసారి కూడా ఆడలేదు.

కాలేజీకి వెళ్తానో లేదో తెలియదు. కుంభారి బస్సు ఎక్కుతానో లేదో అంతకంటే తెలియదు, నా సంగతి నాకు తెలుసు కాబట్టి మాట ఇవ్వను. మీరు నన్ను క్షమించకండి, అది మీ పని కాదు. ఒక్క నిజం మాత్రం రాయనివ్వండి, ఇది రాస్తుంటేనే ఏడేళ్ల తర్వాత ఊపిరి కాస్త ఆడుతోంది.

ఆ రోజు గంటసేపు ఆడాను. ఆట ఆ ఫోన్‌లో నడిచింది. ఎక్కడా ఆగలేదు. నెమలి పూర్తిగా విచ్చుకుంది, మెడ వంకర పోకుండా. చూసినవాణ్ణి నేనొక్కణ్ణే.