యేసోబు తిన్న పులుసు

ఆరేళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగలేను, పైకి అనలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు రాస్తున్నాను.

మాది పెద్దారవీడు దగ్గర పల్లె. మా ఆయన, ఆయన తమ్ముడు యేసోబు మార్కాపురంలో రాతిపలకలు కోసే పనికి పోయేవాళ్లు. ఇద్దరూ తాగేవాళ్లు. తాగితే మా ఆయన కొట్టేవాడు. యేసోబు పాటలు పాడేవాడు.

తాగుడు మాన్పిస్తుందని చెప్పి పొదిలిలో ఒకామె నాకు పొడి పొట్లం ఇచ్చింది. అది తిన్నాక తాగితే వాంతులై, మందంటేనే అసహ్యం పుడుతుందట. అందులో ఏముందో నేను అడగలేదు. ఒక మధ్యాహ్నం మా ఆయన గిన్నెలోని పులుసులో కలిపాను. ఎంత వేయాలో తెలియక కాస్త ఎక్కువే వేశాను. ఆయన ఏదో మాటకు అలిగి, తినకుండానే వెళ్లిపోయాడు. అంతలో యేసోబు వచ్చాడు.

"వదినా, అన్న తినకుండానే పోయినాడే. ఆ పులుసు నాకు ఎయ్యి, ఆకలైతాంది."

"అది చల్లారింది అబ్బయ్యా. వేరేది చేస్తా, కూసో."

"చల్లారితే ఏంది? నీ చేతి పులుసు ఎట్లున్నా తింటా."

మంచం మీది నుంచి అత్త చూస్తోంది. "బిడ్డ అడుగుతుంటే ఎయ్యకుండా ఏందే ఆ చూపు?" అంది.

గిన్నె చేయి జారినట్టు పారబోయవచ్చు కదా? ఈ పూటకు తాగొద్దని ఒక్క మాట చెప్పవచ్చు కదా? ఎందుకని అడుగుతాడేమో, పొడి సంగతి మా ఆయనకు తెలుస్తుందేమో, నా వీపు పగులుతుందేమో అనుకుంటూనే వడ్డించాను.

సాయంత్రం బ్రాందీ షాపు దగ్గర పడిపోయాడని కబురొచ్చింది. మొహం ఎర్రగా కందిపోయి, రొమ్ము పట్టుకుని ఉన్నాడు. ఆటోలో మార్కాపురం చేరేలోపే పోయాడు. ఏం తిన్నాడని డాక్టరు అడిగితే, మామూలు అన్నమే అన్నాను. తాగుడు చంపిందన్నారు అందరూ. నేనూ అన్నాను.

తమ్ముణ్ణి మట్టిలో పెట్టిన రోజు నుంచి మా ఆయన మందు ముట్టలేదు. ఇప్పుడు చర్చిలో నిలబడి సాక్ష్యం చెబుతాడు. గిద్దలూరు నుంచి కూడా పిలుస్తారు. "నా తమ్ముడి చావే నన్ను మార్చింది" అంటాడు. అది విని తాగుడు మానినవాళ్లున్నారు. నేను ఆమెన్ అంటాను. ఆ నోరు నాదేనా?

పొడి వల్ల పోయాడో, వట్టి తాగుడు వల్ల పోయాడో నాకెప్పటికీ తెలియదు. కొన్నాళ్లు ఆ అనుమానం చాటునే దాక్కున్నాను. కానీ వడ్డించే ముందు నా చేయి ఎందుకు ఆగింది? నిజం చెబితే ఆయన మళ్లీ సీసా పట్టుకుంటాడని భయం. ఆ భయం ఆయన కోసమా, నా కోసమా?

వచ్చే ఆదివారం నన్నూ మాట్లాడమంటున్నాడు. "నువ్వెంత ఓర్చుకున్నావో అందరికీ తెలియాల" అన్నాడు. అక్కడ నిలబడి ఏం చెబుతానో నాకే తెలియదు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది యేసోబును. పొడి కలిసిందని తెలిసే వడ్డించాను. ఈ మాట రాసి రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.