ముందే తీర్చిన మొక్కు

లోకంలో ఎవరైనా కోరిక తీరాక మొక్కు చెల్లిస్తారు. సూరమ్మ తీరకముందే చెల్లించాలంది. అదీ తన జుట్టు కాదు, మనవరాలిది.

"ముందే ఇచ్చీసినామనుకో, అమ్మోరు ఇంకేటి సేస్తది? గట్టెక్కించక సస్తదా?" అంది.

మణిమాల తల పట్టుకుంది. మర్నాడు దొంగచాటుగా దేశం దాటాల్సిన పిల్లకు ఇవాళ గుండు కొట్టిస్తారా ఎవరైనా?

ఆమె ముత్తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి, బర్మాలోని అహ్లోన్ రేవు పక్క బియ్యం మిల్లుల్లో బస్తాలు మొయ్యడానికి వచ్చాడు. అతని వీపు మీదుగా ఎంత బియ్యం లోకానికి వెళ్ళిందో గాని, వాళ్ళ వీధికి మర్యాద మాత్రం రాలేదు. నాలుగో తరంలో పుట్టిన మణిమాలని కూడా బజారులో "కలా" అనే పిలిచేవారు. నల్లటి ఇండియా మనిషని ఎత్తిపొడవడానికి వాడే మాట అది. అయినా ఆమె ఆ ఊరినే తన ఊరనుకుంది. ఇంట్లో ట్యూషన్లు చెప్పేది. సైన్యం గద్దెనెక్కి, టీచర్లు సమ్మెకు దిగి, బడులు మూతపడ్డాక, ఫోన్‌లో ఎక్కడెక్కడి పిల్లలకో లెక్కలు చెప్పింది. భిన్నాలు నేర్పడం కూడా రాజద్రోహమయ్యే రోజులొచ్చాయి. తనతో పాటు పాఠాలు చెప్పే ప్రమోదను సంచౌంగ్ పేటలో ఇంటికొచ్చి పట్టుకుపోయారు. ప్రమోద ఫోన్ కూడా తీసుకుపోయారు. అందులో మణిమాల పేరుంది, ఫొటో ఉంది.

ఇక సరిహద్దు దాటి థాయిలాండులోని మేసోట్ చేరడం ఒక్కటే దారి. దారి పొడవునా సైన్యం తనిఖీ గేట్లు. గేటు గేటుకీ గుర్తింపు కార్డులు తీసుకుని, నంబరు యంత్రంలో కొట్టి చూస్తారు. ఆమె నంబరు కొట్టారా, అక్కడితో సరి.

"అందరూ నా గుండే సూస్తారు అమ్మమ్మా!"

"సూడనీ. సూసినోడి కళ్ళు పోతాయి."

మంగలి దాసు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. "వేగిరం తేల్చండమ్మా, నురగారిపోతంది."

సూరమ్మ కళ్ళు తుడుచుకోవడం చూసి మణిమాల పీట మీద కూర్చుంది. జడ ఒళ్ళో పడ్డప్పుడు ఏడ్చింది. చందనం లేదని సూరమ్మ బర్మా ఆడవాళ్ళు బుగ్గలకు రాసుకునే తనకా చెక్క అరగదీసి నున్నటి గుండుకు పూసింది. "దోసపండులాగున్నాది నా తల్లి!" అని మురిసింది.

మర్నాడు బస్సులో పక్క సీటు ఒక బర్మా ముసలమ్మది. ఒళ్ళో తమలపాకుల డబ్బా. చాలాసేపు గుండు వంకే చూసి, "ఏ మఠంలో ఉన్నావమ్మా?" అని బర్మాలో అడిగింది.

బర్మా కొత్త సంవత్సరపు నీళ్ళ పండగ అప్పుడే వెళ్ళింది. పండగ సెలవుల్లో ఆడపిల్లలు గుండు చేయించుకుని కొన్నాళ్ళు సన్యాసినులుగా ఉండి రావడం అక్కడి బౌద్ధుల ఆచారం. ఆ సంగతి మణిమాలకు తెలియక కాదు. తన రంగు చూసి కూడా అలా అనుకునే మనిషి ఉంటుందని తోచలేదు.

"మఠం కాదు ఫ్వా ఫ్వా," అంది. అమ్మమ్మనో నాయనమ్మనో పిలిచినట్టు ఆ పిలుపు. "మా అమ్మవారికి మొక్కు."

"ఏం మొక్కుకున్నావు?"

మణిమాల సంచి ఒళ్ళోకి లాక్కుంది. ముసలమ్మ మళ్ళీ అడగలేదు.

థటోన్ ఊరు దాటాక గేటు దగ్గర బస్సు ఆపారు. తుపాకీ తగిలించుకుని ఎక్కినవాడికి ఇంకా మీసం సరిగ్గా రాలేదు. వాణ్ణీ ఎక్కడో ఇలాగే బస్సులోంచి దింపి తుపాకీ చేతికిచ్చి ఉంటారు. కార్డులన్నీ పోగుచేసుకుంటూ వచ్చాడు. మణిమాల కార్డు తీసింది. కార్డున్న ఆ చేతిని ముసలమ్మ తన చేతి కిందకి లాగేసుకుంది.

"నా మనవరాలు. నిన్ననే మఠం నుంచి వచ్చింది. దర్శనానికి తీసుకుపోతున్నా."

సిపాయి నవ్వాడు. "కలా పిల్ల నీకు మనవరాలా?"

"ధర్మానికి రంగుంటుందా బాబూ? ఈ మాట మీ అమ్మ ముందు అనగలవా?"

కుర్రాడి చెవులు ఎర్రబడ్డాయి. మణిమాల గుండు వంక ఒకసారి చూశాడు. కార్డు కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని ముందు వరుసకు వెళ్ళిపోయాడు.

బస్సు కదిలాక కూడా ముసలమ్మ చెయ్యి వదల్లేదు. కిటికీ వంక చూస్తూ, "నా మనవణ్ణి ఈ గేటు దగ్గరే దింపి పట్టుకుపోయారు. ఆవేళ నేను నోరెత్తలేదు, భయంతో," అంది.

పా-ఆన్ ఊళ్ళో దిగిపోతూ తన తువ్వాలు మణిమాల తలకు చుట్టింది. "నీ పేరేంటి ఫ్వా ఫ్వా?" అనడిగితే తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. తెలిస్తే, కొట్టినప్పుడు చెప్పాల్సి వస్తుంది. నీదీ నాకు చెప్పకు."

అక్కణ్ణుంచి లారీలో బస్తాల మధ్య, కొండదారిలో ఎవరెవరి వెనకో నడిచి, చివరికి చిన్న పడవలో సరిహద్దు ఏరు దాటింది. దారిలో అన్నం పెట్టిన కొండజాతి కరెన్ కుటుంబం ఒకటి, పడవ కూలి వద్దన్న మనిషి ఒకడు. ఆమె ప్రాణం ఇలా చేతులు మారుతూ ఒడ్డు చేరింది. దేశాన్ని ఏలేవాళ్ళు కూల్చినదాన్ని, పేరు చెప్పుకోలేని వాళ్ళు నిలబెట్టారు.

ఇప్పుడు మేసోట్‌లో, కూలికి వచ్చిన బర్మా వాళ్ళ పిల్లలకు అవే భిన్నాలు చెబుతోంది. అక్కడా కాగితాల్లేవు, పోలీసు కనబడితే సందు మారాలి. కాని తలుపు చప్పుడైతే గుండె ఆగడం లేదు. జుట్టు చెవుల దాకా వచ్చింది.

ఒక శుక్రవారం పొద్దున అహ్లోన్ నూకాలమ్మ గుడి నుంచి వీడియో కాల్ వచ్చింది. తెర నిండా సూరమ్మ గుండు.

"అమ్మమ్మా! నీకేటయింది?"

"ముందిచ్చింది నీది. తీరినాక ఇవ్వాల్సింది నాదే కదేటి!" అంటూ ఫోన్ పూజారి గోవిందు వైపు తిప్పింది. "అర్సన సెయ్యి బాబూ."

"ఎవరి పేరు మీదమ్మా?"

"పేరు తెల్దు."

"గోత్రం?"

"బర్మా ముసిల్దానికి గోత్రమేటి?"

"పేరూ గోత్రం లేకపోతే ఎవరని చెప్పను సూరమ్మా? అమ్మవారికి ఎలా తెలుస్తుంది?"

"బస్సులో మా మణి పక్కన కూకున్నామె అని సెప్పు. తెల్దేటి? ఆ బస్సులో అమ్మోరూ ఉన్నాది కదా!"

గోవిందు పువ్వులు చేతిలోకి తీసుకున్నాడు.

"గోవిందు గారూ," ఫోన్‌లోంచి మణిమాల పిలిచింది. "ఆమె మనవణ్ణీ కలపండి. అతని పేరు కూడా తెలీదు."

"అయితే ఇద్దరికీ," అన్నాడు గోవిందు. గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "బస్సులో మణిమాల పక్కన కూర్చున్న తల్లికీ, ఆమె మనవడికీ, క్షేమ స్థైర్య..."

మేసోట్ గదిలో మణిమాల ఆ తువ్వాలు తలకు చుట్టుకుని, ఫోన్‌కు చేతులు జోడించింది.