మిచ్చం అనే గొర్రె

అళగమ్మాళ్ అత్త బండిపందెం ఒక్కటి కూడా దగ్గర నిలబడి చూసిన మనిషి కాదు. అయినా కోవిల్‌పట్టి చుట్టుపక్కల ఏ తిరునాళ్ళలో ఎవరి బండి మొదట వస్తుందో ఆమె నోట విన్నాకే మేం నమ్మేవాళ్ళం. ఎలా చెప్పగలదు? అది తెలుసుకోకపోతే నాకు అన్నం సయించదు. నా బుద్ధే అంత. "మారీశ్వరి ముక్కు ఊరందరి పొయ్యిలో ఉంటుంది" అని మా అత్తగారే అనేది. అంటే అననీ, ఆమె పొయ్యిలో మాత్రం ఎప్పుడూ ఏమీ ఉండేది కాదు.

అళగమ్మాళ్ నాకు చుట్టం కాదు, వరసకు అత్త. ఇద్దరిదీ ఒకే తీపెట్టి ఆఫీసులో పని. ఆఫీసంటే కుర్చీలూ ఫ్యాన్లూ అనుకునేరు, అగ్గిపెట్టెలు చేసే రేకుల షెడ్డు. మధ్యాహ్నం అన్నం గిన్నెలు తెరిచే వేళ అక్కడ ఏడుగురం ఆడవాళ్ళం ఒక ఆట ఆడేవాళ్ళం. మా వైపు తిరునాళ్ళలో మూడు పందేలు పెడతారు: పెద్ద ఎద్దులు, చిన్న ఎద్దులు, చివర గుర్రపు బండ్లు. మూడింటిలోనూ గెలిచే బండి ఎవరిదో ముందే చెప్పాలి. రెండు చెప్పి మూడోది తప్పితే ఏమీ రాదు. అందుకే దాని పేరు మూడు ముళ్ళు. రెండు ముళ్ళతో ఎక్కడైనా పెళ్ళవుతుందా? డబ్బు పెడితే మొగుళ్ళు బతకనివ్వరు కాబట్టి గుడ్లు పెట్టేవాళ్ళం. మూడు పేర్లూ కలిపి ఒక మాట; ఒక మాటకు ఒక నాటుగుడ్డు, అంగట్లో తెల్లగుడ్డయితే రెండు. అందరి ముందూ పేర్లు చెప్పి కొంగుకు మూడు ముళ్ళు వేసుకుంటే అయిపోయింది. గెలిచినవాళ్ళకు గుడ్లన్నీ.

అత్త ముడివేసే తీరే వేరు. పెద్ద ఎద్దులకు ఒకే పేరు చెప్పేది. చిన్న ఎద్దులకు రెండు, గుర్రాలకు రెండు. ఈ రెండుకు ఆ రెండు జతకడితే నాలుగు మాటలు, నాలుగు గుడ్లు. "తెలిసిన దగ్గిర బిగించి కట్టల్ల, తెలియని దగ్గిర వదులియ్యల్ల" అనేది. మా ఏడుగురిలో ఒకతె మునియమ్మాళ్ ఒకసారి ఈ సూత్రం సగం విని మూడు పందేలకూ మూడేసి పేర్లు చెప్పింది. లెక్కేస్తే ఇరవై ఏడు మాటలు! నోరు జారింది కదా, ఇంట్లో పిల్లలకు ఒక్క గుడ్డు మిగల్చకుండా ఊడ్చి తెచ్చి పెట్టింది. మొదటి పందెంలోనే ఆమె మూడు బండ్లూ వెనకబడ్డాయి. ఆరోజు అత్త ఆమెకు బుద్ధి చెప్పింది: "గుడ్డును పందయం కట్టు, కోడిని కట్టొద్దు మే." ఇంట్లో కోళ్ళు పెంచే అత్త, అమ్మగా మిగిలిన గుడ్లే తెచ్చేది, పొదగడానికి పెట్టినవాటిని ముట్టేది కాదు.

రెండేళ్ళ కిందట ఒక తిరునాళ్ళలో ఎవరి ముళ్ళూ నిలవలేదు. బుట్టెడు గుడ్లు మిగిలిపోయాయి. అదే సమయానికి ఒక గొర్రెలకాపరి తల్లి చచ్చిన పిల్లను చంకన పెట్టుకుని, ఇది బతికేది కాదని తిట్టుకుంటూ ఆఫీసు ముందు నుంచి పోతున్నాడు. బుట్ట ఇచ్చి పిల్లను తీసుకున్నాం. ఇకమీదట మూడు ముళ్ళు నిలిచినవాళ్ళకు గొర్రె, గెలిచినవాళ్ళు దాన్ని కోసి అందరికీ కూర పెట్టాలి. ఈ షరతు పెట్టింది మునియమ్మాళ్, ఇంకెవరు! పందెంలో మిగిలింది కాబట్టి దానికి మిచ్చం అని పేరు పెట్టాం. తమిళంలో మిచ్చం అంటే మిగిలింది. మా ఇళ్ళలో తెలుగుకూ అదే మాట అతుక్కుపోయింది.

అత్త వాకిట్లో చోటుందని అక్కడ కట్టేశాం. పిల్లాజెల్లా లేని మనిషి. సీసాతో పాలు పట్టింది, మంచుకు తన పాత చీర కప్పింది, బతకదన్న దాన్ని బతికించింది. అది ఆమె కొంగు నోట పట్టుకుని నీళ్ళ కొళాయి దాకా నడిచేది.

ఇక అక్కడి నుంచి మొదలైంది వింత. వరసగా నాలుగు తిరునాళ్ళు, ఒక్కరూ గెలవలేదు. అందరం అత్త పేర్లే చెప్పేవాళ్ళం. మొదటి రెండు ముళ్ళూ ఉక్కులా నిలిచేవి, మూడోది జారిపోయేది. నాలుగు గుడ్లు తెచ్చే మనిషి ఒకే గుడ్డుతో వచ్చేది. గొర్రె మాత్రం గుమ్మడికాయలా అయింది. మునియమ్మాళ్ దాన్ని చూసినప్పుడల్లా మసాలా లెక్కలు వేసేది. అత్తకు వయసు మీదపడి గురి తప్పిందా అని నాలో ఒక పురుగు తొలచడం మొదలెట్టింది.

ఉండబట్టలేక పోయిన పంగుని నెల తిరునాళ్ళకు ముందు ఒక సాయంత్రం ఆమె ఇంటికి వెళ్ళాను. పుదూరు తంగపాండి వచ్చి ఉన్నాడు. నల్లరేగడి చేలున్న మనిషి, గుర్రపు బండి పందేలంటే పిచ్చి. విరుదునగర్‌లో కొన్న గానుగపిండి మూట మోటారుసైకిల్ వెనక కట్టుకుని ఉన్నాడు.

"ఈ వారం గుడ్లు వద్దు అళగమ్మా. గుర్రానికి దగ్గు పట్టిండాది, తిండే ముట్టడం లే" అన్నాడు.

"అయ్యో పావం సామీ! అట్లయితే పందయానికి కట్టరా?"

"పేరిచ్చేస్తిని, మానం పోతాది. సుమ్మా, ఊరికే ఒగ పక్కగా తోలుకొస్తా."

అతను వెళ్ళాక నాకు వెలిగింది. ఓరి దేవుడా, ఇదా సంగతి! పందెపు ఎద్దులకూ గుర్రాలకూ నాటుగుడ్లు పెడతారు. కారియాపట్టి నుంచి పుదూరు దాకా బండ్లవాళ్ళు గుడ్ల కోసం అత్త గుమ్మానికే వస్తారు. ఎవరు ఎక్కువ కొంటున్నారో, ఎవరు మానేశారో ఆమెకు తెలుసు. ఇక పందెం చూడాల్సిన పనేముంది?

మర్నాడు అన్నాల వేళ అత్త గొంతు సవరించుకుని చెప్పింది. పెద్ద ఎద్దులు ఫలానా, చిన్న ఎద్దులు ఫలానా. "గుర్రం, పుదూరు తంగపాండిది."

నాకు మెతుకు కొరబోయింది. మిగతావాళ్ళు ఆ పేర్లే వల్లించి ముళ్ళు వేసుకుంటున్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకుని కొళాయి దగ్గరికి లాక్కుపోయాను.

"అత్తా, మతి పొయ్యిందా నీకు? దగ్గే గుర్రానికి ముడేస్తావా?"

"మెల్లిగా మాట్లాడు మే."

"చెప్తావా, అందరి ముందర అడగల్నా?"

ఆమె నీళ్ళు పుక్కిలించి ఉమ్మింది. "నేను సరిగ్గా చెప్తే అందురూ గెలుస్తారు. గెలిస్తే దాన్ని కోస్తారు. ఎవురూ గెలవకుంటే ఇంగో తిరునాళ్ళ దాకా బతుకుతాది. దానికి నాకు ఒగ గుడ్డు కర్సు. నువ్వే చెప్పు, ఎక్కువా?"

రెండేళ్ళుగా మా గుడ్లు కూడా ముంచిందని నాకు కోపం రావాలి. రాలేదు. ఏడుపొచ్చింది. మొహం కడుక్కుని వెళ్ళి నేనూ తంగపాండి గుర్రం పేరే చెప్పాను.

ఆదివారం పొద్దున మునియమ్మాళ్ ఇంట్లో ఫోన్ ముందు చేరాం. పందెం లైవ్ వస్తోంది. పెద్ద ఎద్దులు, సరి. చిన్న ఎద్దులు, సరి. గుర్రాలు బయల్దేరాయి. తంగపాండి బండి అందరికంటే వెనక, దుమ్ములో ఎక్కడో ఉంది. అత్త హాయిగా వక్క నములుతోంది. బండ్లు మలుపు తిరిగే చోట ముందున్న రెండింటి చక్రాలు ఒకదానికొకటి చిక్కుకున్నాయి. వెనక వచ్చేవి వాటికి అడ్డంపడి ఆగిపోయాయి. దూరంగా ఉన్న తంగపాండి ఒక్కడే పక్కనుంచి తిప్పుకుని వచ్చేశాడు!

అందరూ లేచి నిలబడ్డారు. మునియమ్మాళ్ ఫోన్‌కు ముద్దులు పెడుతోంది. అత్త నమలడం ఆపేసింది. "దగ్గు" అంటోంది లోగొంతుకతో, "దగ్గవే, నీ పున్నెముంటాది, ఒగసారి దగ్గు." ఆ పాడు గుర్రం ఆరోజే దగ్గలేదు. మొదట వచ్చింది.

ఏడుగురమూ గెలిచాం. ఒక గొర్రెకు ఏడు పాళ్ళు. బతికున్న గొర్రెను ఏడు పాళ్ళు వేసే ఉపాయం కత్తికి తప్ప ఎవరికీ తెలియదు.

"మధ్యానానికే కోస్తాం. మసాలా నాది" అని మునియమ్మాళ్ నడుం బిగించింది. అందరం అత్త వాకిట్లోకి చేరాం. మిచ్చం అరుస్తూ వచ్చి అత్త కొంగు పట్టుకుంది. అత్త వెళ్ళి కోళ్ళగంప ఎత్తింది.

"ఒగ పాలుకు ఒగ పెట్ట" అంది. "ఆరు పాళ్ళు మీవి, ఆరు పెట్టలు ఉండాయి. తీసుకోండి. గొర్రె నాది."

కోడిని కట్టొద్దని చెప్పిన మనిషి గంప మొత్తం కట్టేసింది. ముందు గంపలో చెయ్యి పెట్టింది మునియమ్మాళే. "నాకొచ్చింది ముసలిపెట్ట, పుంజు కూడా ఇయ్యి" అంది. తీసుకుపో అంది అత్త. నాకు వద్దు అత్తా అని నేను చేతులు వెనక్కి పెట్టుకుంటే ఎప్పుడూ తిట్టనిది తిట్టింది. "పాలు పాలే మే! రేపు నువ్వు నీ పాలు కూర అని రాకుండా ఉండల్ల కదా, పట్టు." కోడిని నా చేతుల్లో కుక్కి లోపలికి పోయింది.

ఇప్పుడు తంగపాండి గుడ్ల కోసం మా గుమ్మానికి వస్తాడు. పెద్ద ఎద్దులవాళ్ళు మునియమ్మాళ్ ఇంటికి పోతారు, మిగతావాళ్ళు మిగతా ఇళ్ళకు. మొన్న తిరునాళ్ళ ముందు ఆఫీసులో అన్నాలు చల్లారిపోయేదాకా గొడవ. ఆరుగురికీ ఆరు వార్తలు, ఎవరి ముడి వాళ్ళదే. తగవు తెగక నేనే అన్నాను, అత్తనడుగుదాం అని. ఆమె మూలన కూర్చుని, గొర్రెకని దారిలో కోసుకొచ్చిన ఆకులు కట్ట కడుతోంది.

"ఏమత్తా, గుర్రాల్లో ఎవురిది?"

"నన్నడిగితే ఏం తెలుసు మే? గుడ్లు మీకాడ, వార్తలూ మీకాడ." కట్ట బిగించి ముడివేసి నవ్వింది. "నాకు ఇంగ మిచ్చమే మిచ్చం."