సైకిలు దిగినందుకు చింతామణి కచేరీకి

బాగేపల్లి నుంచి చింతామణి కచేరీకి, అంటే కోర్టుకు, పోవాల్సిన పని మీలో ఎవరికైనా పడితే చిక్కబళ్ళాపురం మీదుగా పొండి. ఊళ్ళ మీద నేరుగా పోయే దారి ఒకటి ఉంది గానీ దానికి బస్సు లేదు. నేను పోయింది యుద్ధం రోజుల్లో, పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సులో, కడుపు నిండా దిగులుతో.

దిగులంతా ఒక సైకిలు తెచ్చిపెట్టింది. అంతకు ముందు నెల చింతామణి బజారులో నేను సైకిలు మీద పోతుంటే, ఎదురుగా మా మామ నడిచి వస్తున్నాడు. మా అమ్మకు అన్న, నాకు పిల్లనిచ్చినవాడు. పెద్దవాళ్ళు నడుస్తుంటే మనం సైకిలెక్కి వాళ్ళ ముందు పోవడం మా ఇళ్ళలో లేదు. చటుక్కున దిగి, ఆయన దాటేదాకా సైకిలు పట్టుకుని నిలబడ్డాను. నిలబడింది నడిరోడ్డని చూసుకుంటే కదా! వెనక ఒక బస్సు ఆగి ఉంది. దాని బొగ్గుల పొయ్యి ఆరిపోతే క్లీనరు దిగి కెలుకుతున్నాడు. నేను దిగకముందే ఆగిన బస్సది. పోలీసాయన మాత్రం నావల్లే ఆగిందని చీటీ రాసి, సైకిలును స్టేషనులో పెట్టుకున్నాడు.

జుల్మానా కట్టేస్తే ఒక్క నిమిషంలో తెమిలిపోయేది. కానీ యుద్ధం వచ్చాక మా బట్టల కొట్టులో అరలు ఖాళీ. సర్కారు ధాన్యం డిపో నాకిమ్మని అర్జీ పెట్టుకున్నాను. అదొస్తేనే ఇంట్లో పొయ్యి వెలిగేది. శిక్ష పడినవాడికి డిపో ఇవ్వరని డిపోలిచ్చే అమల్దారు ఆఫీసు గుమాస్తా ముందే నా చెవిన వేశాడు. కడితే డిపో పోతుంది. కట్టనంటే సాక్షి కావాలి. బస్సువాళ్ళు తప్పు తమ మీదికి తెచ్చుకోరు కాబట్టి మిగిలింది మామ. ఆయనేమో అన్నదమ్ముల పంపకాలప్పుడు కచేరీలో ప్రమాణం చేయమంటే, చేయనని బంగారంలాంటి వరిమడి వదులుకున్న మనిషి. అలాంటాయన్ని బోనెక్కమని ఏ నోటితో అడగను?

ఆరు గంటల బస్సు ఏడు దాటాక కదిలింది. మిట్ట వచ్చిన ప్రతిచోటా మగవాళ్ళమంతా దిగి నడిచాం. నా పక్కన నడుస్తున్న చింతపండు వ్యాపారి నన్ను ఎగాదిగా చూశాడు.

“మొగం అట్ల పెట్టుకొని ఉండావు, యాడికప్పా ప్రయాణం?”

“కచేరీకి.”

“అట్లయితే మొగం అట్లే ఉండనీలే.”

చిక్కబళ్ళాపురంలో దిగేసరికి ఒళ్ళంతా బొగ్గు మసి. కాఫీ క్లబ్బులో రెండిడ్లీలు తిని, తెలిసిన వకీలు ఇంటికి పోయాను. ఆయన పడక్కుర్చీలోనే ఉండి అంతా విన్నాడు.

“బస్సు ముందే నిలిచి ఉండిందని మీ మామ చెప్తే చాలప్పా. కేసు నిల్చుకోదు.”

“ఆయన రాడండీ.”

“అడిగినావా?”

“లేదు.”

“మళ్ళ, రాడని ఎట్ల చెప్తావు?”

రైలు టయిమయిందని లేచి వచ్చేశాను.

చింతామణికి పోయేది చిన్న బండి. ఎదురెదురుగా కూర్చుంటే మోకాళ్ళు తగులుతాయి. కిటికీ పక్కన కూర్చోకండి, కంట్లో నలుసులు పడతాయి. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళ బుట్టలు ఎక్కించారు. ఆ వాసనకు తిన్న ఇడ్లీ గొంతుదాకా వచ్చింది. ఎదుట ఒక పెద్దామె మురుగమల్ల దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి పోతూ ఉంది. మనసాగక, వేరెవరి సంగతో అన్నట్టు నా కేసు ఆమెకు చెప్పి, ఆ అల్లుడు ఏం చేస్తే బాగుంటుందని అడిగాను.

“పెద్దాయన్ని కచేరీ మెట్లెక్కిస్తారా ఎవరైనా? తప్పయిందని కట్టేసి పోవల్ల. ఆ అల్లుడు నువ్వేనా ఏమప్పా?”

నేను కిటికీలోంచి బయటికి చూశాను. కంట్లో నలుసు పడింది.

సాయంత్రం చింతామణిలో దిగి మామ ఇంటికి పోలేదు. పోతే అడగకుండా ఉండలేను, అడిగితే ఆయన కాదనలేక నలిగిపోతాడు. సత్రంలో చాప పరుచుకుని, అత్తగారి ఊళ్ళో కాఫీ క్లబ్బు కూడు తిన్నాను. సిగ్గుతో తలెత్తలేదు. కట్టాలా, వద్దా అని రాత్రంతా అటూ ఇటూ దొర్లాను.

పొద్దున కచేరీలో నా పేరు పిలిచారు. తప్పు ఒప్పుకుంటావా, సాక్షి ఉన్నాడా అని మేజిస్ట్రేటుగారు కన్నడంలో అడిగారు. సాక్షి లేడన్నాను. తప్పు ఒప్పుకున్నాను. జుల్మానా కట్టి, స్టేషనుకు పోయి సైకిలు విడిపించుకున్నాను.

ఇంక దాక్కునే పని లేదు కదా అని సైకిలు నడిపించుకుంటూ మామ ఇంటికి పోయాను. ఆయన నడవలో పీట మీద కూర్చుని ఉన్నాడు. నల్లకోటు, జరీ అంచు తలగుడ్డ. పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయని బట్టలవి.

“సత్రంలో దిగినావంట, కేసు ఈ పొద్దేనంట. నిన్నటి నుంచి ఊరంతా చెప్తాండారు. సరే, కచేరీకి పోదామా?”

“అయిపోయింది మామా. కట్టేసినాను.”

ఆయన తలగుడ్డ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. కచేరీకి శుద్ధంగా పోవాలని పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదని అత్త లోపలి నుంచి చెప్పింది.

“మీరు ప్రమాణం చేయరని...” అన్నాను.

“అది నా మడి. దానికోసరం చేయలేదు. నీ కూడుకోసరం చేయకపోదునా? పిలవని సాక్షి తనంతట తాను వస్తాడా? నువ్వు గదా వచ్చి పిలవల్ల.” తలగుడ్డ మడత పెడుతూ అడిగాడు. “డిపో పోయినట్టేనా?”

“పోయినట్టే.”

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు తల వంచుకుని ఉన్నాను కాబట్టి కనబడకుండా సరిపోయింది.

భోజనాలయ్యాక బయలుదేరాను. రైలూ బస్సూ మళ్ళీ ఎక్కే ఓపిక లేక ఊళ్ళ మీద తొక్కుకుంటూ పోదామనుకున్నాను. మామ ఊరి చివరిదాకా వచ్చాడు. సైకిలు మా ఇద్దరి నడుమ నడిచింది.

“ఎక్కప్పా, పొద్దు పోతాండాది” అన్నాడు.

పెడలు మీద కాలు పెట్టాను. ఆయన ఎదుట రెండో కాలు లేవలేదు. మళ్ళీ దించాను. మామ నన్ను చూశాడు, సైకిలును చూశాడు. తర్వాత నెమ్మదిగా వెనక్కి తిరిగి, ఊరివైపు మొగం పెట్టి నిలబడ్డాడు.

అప్పుడు ఎక్కాను. కొంత దూరం పోయాక, ఆయన ఇంక తిరగొచ్చని తెలియాలని గంట కొట్టాను.