చాందినికి పెట్టిన వెచ్చటి గడ్డి

గడ్డికట్ట బరువు ఎంతుంటుందో నాకు తెలుసు. మోకాలు ఆనించి, నడుం వంచి, భుజానికెత్తుకునేదాన్ని. ఇన్నేళ్ళుగా లోపల మోస్తున్నది దానికంటే బరువు. దించుకుందామంటే చోటు దొరకలేదు. ఇప్పుడు మీ ముందు దించుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నానేమో. తెలిసినవాళ్ళ దగ్గరైతే నోరు తెరవబోయి ముందు వాళ్ళ మొహం చూస్తాను. చూశాక మాట లోపలికే పోతుంది.

పేరు చెప్పను. నా పేరుతో మీకు పని లేదు. జుట్టు నెరిశాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని, చుట్టు తిప్పి రాయడం నాకు రాదు. ఒక గుర్రం నా చేతుల్లో చచ్చింది. అది కావాలని చేసింది కాదు, ప్రేమకొద్దీ చేసిన పని. ఆ తప్పు ఇంకొకరి మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను. అది మాత్రం కావాలనే.

వరంగల్లో, మట్టికోట పక్కన, పెళ్ళి బరాత్‌లకు గుర్రాలను పంపే తబేలా ఒకటి ఉండేది. ఇప్పటికీ ఉంది. పైన రేకులు, మూడు వైపుల గోడ, ఒక వైపు ఖాళీ. మా ఆయన పోయాక ఊళ్ళో బర్రెలను అమ్మేసి వచ్చి అందులో పనికి కుదిరాను. గుర్రాల లద్దె ఎత్తడం, నీళ్ళు పెట్టడం, మేత వేయడం. యజమానిని అందరూ సేటు అనేవాళ్ళు. గుర్రాల మంచిచెడ్డలన్నీ చూసేది కొమురయ్య. నాకంటే పెద్దవాడు. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. అలా పిలవడానికి మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. పక్కపక్కన పనిచేయడమే.

కొమురయ్యకు ఒక పద్ధతి ఉండేది. మేతకు గడ్డి కావాలంటే తానే స్టేషన్ ఘన్‌పూర్ వైపు మళ్ళలోకి పోయేవాడు. కోత మిషన్ పోయిన మడిలో ట్రాక్టర్ వెనక ఇంకో మిషన్ తిరిగి, వరిగడ్డిని చాప చుట్టినట్టు చుట్టి, గుండ్రటి కట్టలు చేసి పడేస్తుంది. ఆయన ఒక్కో కట్టలోకి చెయ్యి దూర్చి, లోపలినుంచి పిడికెడు లాగి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒకసారి నేనూ వెంట పోయాను. ట్రాక్టర్ పిల్లగాడు నవ్వాడు.

"మామా, గడ్డికి వచ్చినవా, పెండ్లిసూపులకు వచ్చినవా?"

"పిల్లనైతే గింతసేపు సూడకపోదును రా," అన్నాడు కొమురయ్య, కళ్ళు తెరవకుండానే.

నచ్చనిది పక్కకు దొర్లించేవాడు. నచ్చినదాన్ని అరచేత్తో తట్టేవాడు. ఆయన తట్టిన కట్టలే మా తబేలాకు వచ్చేవి. వాటిని ఖాళీగా ఉన్న వైపు గోడలా పేర్చేవాళ్ళం. చలిగాలికి అడ్డం అదే, గుర్రాలకు మేత అదే. వేసేముందు కట్ట తాడు కోసి, మొత్తం విప్పి, ఎండలో దులిపి వేయాలి. ఇది ఆయన నాకు మొదటిరోజే చెప్పిన మాట.

ఆ గుర్రం పోయిన చలికాలం, పుష్యమాసం. ముహూర్తాలు లేవు, పెళ్ళిళ్ళు లేవు. గుర్రాలు కట్టేసినచోటే నిలబడి ఎండుగడ్డి నములుతున్నాయి. వాటిలో చాందిని అని తెల్ల ఆడగుర్రం, ముసలిది. ఎన్ని ఊరేగింపుల్లో నడిచిందో. పటాకులు పేలినా, బ్యాండు చెవిలో మోగినా బెదిరేది కాదు. పళ్ళు అరిగిపోయి గట్టిగడ్డి నమలలేకపోయేది. నేను లద్దె ఎత్తుతుంటే వెనకనుంచి వచ్చి నా భుజం మీద గదవ ఆనించేది. ఆ బరువు పడగానే నేను పని ఆపేదాన్ని. దాని ఊపిరి నా మెడకు తగిలేది. మా ఆయన పోయాక నా మీద ఎవరైనా ఒరగడం అదే. ఈ మాట ఇంతవరకు ఎవరితోనూ అనలేదు.

చాందిని మేత మానేసింది. నేనేం చేశాను? ఊళ్ళో బర్రె మేయకపోతే ఏం చేస్తామో అదే చేశాను. బెల్లం నీళ్ళు గడ్డి మీద చల్లాను. అది తినడం మొదలుపెట్టింది. కొమురయ్య చూశాడు.

"ఏందే చెల్లె గది?"

"బెల్లం నీళ్ళే అన్నా. ముసల్ది తింటలేదు గదా."

"ఇది బర్రె గాదే. బర్రె నెమరేస్తది, ఎట్లనో అట్ల అరిగిచ్చుకుంటది. గుర్రం మింగిందంటే మింగుడే. కక్కుడు సుత రాదు దానికి."

"ఏమో, ఇంత నాజూకు జీవం నేను సూడలే."

"పెండ్లికొడుకులను మోసిందాయె, నాజూకు ఉండదా మరి?" అని నవ్వాడు. ఆ తర్వాత నవ్వు ఆపి చెప్పాడు. "తడుపు, నేనేం వద్దంటలేను. తడిపినంత అప్పుడే తినవెట్టు. మిగిలితే పెంటల పారెయ్. నిలవ మాత్రం వెట్టకు."

సరే అన్నాను.

సరే అన్నదాన్ని ఎందుకు చేయలేదు? రోజూ పొద్దున్నే చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టి బెల్లం కలపాలంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. బద్ధకమా? కొంత బద్ధకమే. ఇంకో సంగతి కూడా ఉంది. బర్రెలను సాకినదాన్ని, నాకు ఒకరు చెప్పేదేంటి అన్న పొగరు. ఒక కట్టను మూలకు దొర్లించి నిలబెట్టాను. దాని నడిమధ్యలో బిందెడు బెల్లం నీళ్ళు పోశాను. చాప చుట్టలో పోసినట్టు నీళ్ళు లోపలికి దిగాయి. పైన పొడిగానే ఉంది. రోజూ కొంచెం లాగి పెట్టొచ్చనుకున్నాను. చలికాలం కదా, వండిన పప్పే మర్నాటికి పులవదు, గడ్డికేమవుతుంది అనుకున్నాను.

నాలుగు రోజులు పైపైన లాగి పెట్టి, ఆ తర్వాత కట్ట నడిమధ్యలో లోతుకు చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది.

ఇక్కడ ఆగిపోతాను ఎప్పుడూ. గుర్తు తెచ్చుకున్న ప్రతిసారీ. బయట మంచు, రేకుల మీదనుంచి నీటిబొట్లు పడుతున్నాయి, నా వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి, ఆ గడ్డి లోపల మాత్రం పొయ్యి ఆర్పిన తర్వాత బూడిదలో ఉండేంత వెచ్చదనం. చెయ్యి తీయబుద్ధి కాలేదు. రెండో చెయ్యి కూడా పెట్టాను. ఎంత బాగుందో అనుకున్నాను. ఈ చలికి ముసల్దాని కడుపులో వెచ్చగా పడుతుందని సంబరపడ్డాను. లోపల గడ్డి కుళ్ళుతున్నదని, ఆ వేడి కుళ్ళు వేడి అని నాకు తట్టలేదు. తెల్లగా పొడి రాలింది. దుమ్ము అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలని అనుకున్నానా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఇది తేలలేదు. మీకూ అబద్ధం చెప్పను, తేలలేదు.

గంప నిండా పెట్టాను. చాందిని ఆబగా తిన్నది. నేను పక్కన కూర్చుని దాని కాలు నిమురుతూ ఉన్నాను.

మర్నాడు పొద్దున నేను వచ్చేసరికి అది తన పక్కటెముకల వైపు తిరిగి తిరిగి చూసుకుంటోంది. కడుపునొప్పికి ముందుకాలితో నేల గీస్తోంది. పడి దొర్లబోతుంటే కొమురయ్య కళ్ళెం పట్టుకుని లేపి, నడిపిస్తున్నాడు. కోటగోడ వెంబడి అటూ ఇటూ. "నడువు బిడ్డా, నడువు, పండుకోకు," అంటున్నాడు. ఆయన చొక్కా చెమటతో తడిసిపోయింది, ఆ చలిలో. పశువుల దవాఖాన నుంచి డాక్టర్ వచ్చాడు, సూది వేశాడు, ముక్కులోంచి గొట్టం దించి నూనె పోశాడు. మధ్యాహ్నానికి చాందిని పోయింది. తల కొమురయ్య ఒడిలో ఉంది.

డాక్టర్ గంపలో మిగిలిన గడ్డి చేతిలోకి తీసుకుని దులిపాడు. తెల్లటి పొగలా లేచింది. అప్పుడు తెలిసింది నాకు. ఆ క్షణంలోనే, మొత్తం. "బూజు పట్టిన గడ్డి," అన్నాడు డాక్టర్. ఆ ఏడు కోతలప్పుడు వాన పడింది. మడిలోనే తడిసిన గడ్డి కట్టి ఉంటారన్నాడు.

సేటు మా ఇద్దరి వైపు చూశాడు. "ఈ గడ్డి ఎవలు సూసి తెచ్చిండ్రు?"

"నేనే సేటు," అన్నాడు కొమురయ్య.

"వాసన సూసినవా?"

"సూసిన. నాకైతే మంచిగనే అనిపిచ్చింది."

"ముక్కు పోయిందయ్యా నీకు. ముసలోనివైనవ్."

అంతే. సేటు అంతకుమించి ఏమీ అనలేదు. ఆ గుర్రమంటే ఆయనకూ ప్రాణమే, కళ్ళు తుడుచుకుంటూ పోయాడు. కొమురయ్య తన అరచేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకున్నాడు. నేను అక్కడే నిలబడి ఉన్నాను, చెయ్యి చాపితే అందేంత దూరంలో. "కాదు సేటు, నేను తడిపిన" అంటే సరిపోయేది. నాకు నోరు రాలేదు. పని పోతుందన్న భయమా? ఉండింది. దానికంటే పెద్ద భయం, కొమురయ్య నన్ను ఇక చెల్లె అనడేమోనని. ఆయన పిలుపు పోకూడదని ఆయన పరువు పోనిచ్చాను. ఇదేం లెక్క?

వాళ్ళు చాందినిని తీసుకుపోయే ఏర్పాట్లలో ఉండగా నేను మూలకున్న మిగతా కట్టను పెంటకుప్ప దగ్గరికి దొర్లించి, పైన లద్దె కప్పాను. బెల్లం వాసన ఎవరికైనా తగులుతుందని. నోరు రాలేదు అన్నాను కదా. చేతులు మాత్రం వచ్చాయి. నేను మీకు చెప్పాలనుకున్న అసలు తప్పు ఇదే.

తర్వాత కొమురయ్య మారిపోయాడు. గడ్డి లాగి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు, మళ్ళీ చూసేవాడు, ఇంకోసారి చూసేవాడు. చివరికి నా వైపు చాపేవాడు. "చెల్లె, జర నువ్వు సూడు. నాకు తెలుస్తలేదు."

నేను చూసేదాన్ని. బాగుంది అన్నా, అనేదాన్ని. ఆయన నా మాట నమ్మి వేసేవాడు. నా మాట! కొన్నాళ్ళకు మళ్ళకు పోవడం మానేసి నన్ను పంపాడు. ఇంకొన్నాళ్ళకు తబేలా కూడా వదిలి నెక్కొండలో బిడ్డ ఇంటికి పోయాడు. ఆయన పని నాకు వచ్చింది. కొత్తగా చేరినవాళ్ళకు కొమురయ్య ముక్కు పోయి గుర్రం చచ్చిన కథ చెప్పి, గడ్డితో జాగ్రత్త అని నేర్పేవాళ్ళు. నేర్పినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఈ చలికాలం రైలెక్కి నెక్కొండ పోయాను. కొమురయ్య వాకిట్లో ఎండకు మంచం మీద దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. చాలా చిక్కిపోయాడు. నన్ను చూసి, "వచ్చినవా చెల్లె," అన్నాడు, నిన్న విడిపోయినట్టు. ఆయన బిడ్డ చాయ్ పెట్టి తెచ్చింది. "మా నాయిన ఎట్లయిండో సూడు అత్తా. పాలు ఇరిగినయా లేదా సుత మమ్ముల్నే అడుగుతడు. ముక్కు కాడికి గూడ తీస్కపోడు," అని నవ్వుతూ లోపలికి పోయింది. ఆమెకు అది నవ్వులాట. చాయ్ గ్లాసు కింద పెట్టాను. పొద్దున్నే పాలగిన్నె ముందు ఒక మనిషి తన ముక్కును నమ్మకుండా నిలబడతాడంటే, అది నా వల్ల.

చెప్పేశాను. బెల్లం నీళ్ళు, మూలన నిలబెట్టిన కట్ట, వెచ్చగా తగలడం, పెంటకుప్ప, అన్నీ. మధ్యలో ఆగలేదు. ఆగితే మళ్ళీ మింగేస్తానని తెలుసు.

వాకిట్లో కోడి తిరుగుతుంటే ఆయన చాలాసేపు దాన్నే చూశాడు. చివరికి అడిగాడు.

"తిన్నదా?"

"ఏందన్నా?"

"గా గడ్డి. ఇష్టంగ తిన్నదా?"

"తిన్నది. గంపల మూతి వెట్టి మల్ల లేపలే."

తల ఆడించాడు. దుప్పటి భుజాల మీదికి లాక్కుని అటు తిరిగి పడుకున్నాడు. ఉండు అనలేదు, పో అనలేదు. నేను రైలు వేళ దాకా మంచం కోడు పక్కన నేల మీద కూర్చున్నాను. లేచి, "పోయొస్త అన్నా," అన్నాను. చెల్లె అన్న మాట వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. ఆయన నిద్రపోవడం లేదని నాకు తెలుసు.

క్షమించమని అడిగే హక్కు నాకు లేదు. అడగను కూడా. ఆయనకు చెప్పాను కదా, ఇంకా మీకెందుకు అంటారా? తబేలాలో ఆ కథ ఇంకా తిరుగుతోంది. దాన్ని తిప్పినవాళ్ళలో నేనున్నాను కనుక, ఆపాల్సినదాన్ని కూడా నేనే. నోటితో చెబితే గాలికి పోతుంది, నాకు సౌకర్యంగా మారిపోతుంది. కాగితం మీద మారదు.

అందుకని రాస్తున్నాను. ఆ ఏడు కొమురయ్య చూసి తెచ్చిన గడ్డి మంచి గడ్డి. దాన్ని చెడగొట్టింది నేను. ఈ రెండు ముక్కలు రాసేసరికి చెయ్యి నొప్పి పుట్టింది. కాగితం పక్కన పెట్టి కాసేపు ఊరికే కూర్చున్నాను. ఇన్నేళ్ళకు ఊపిరి కడుపు దాకా దిగుతోంది.